ఆ జవాబు ఖలీల్‌ది

ముప్పై ఏళ్ళు కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. నెలకు ఒకరైనా ఫోన్ చేసి, “సార్, వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది, ఎట్ల ప్రిపేర్ కావాలె?” అని అడుగుతుంటారు. ఎక్కువమంది మా నిజామాబాద్ జిల్లా పిల్లలే. ప్రశ్న పూర్తిగా విను, తెలియనిది తెలియదని చెప్పు, లెక్క చేసేటప్పుడు పైకి చెప్తూ చెయ్యి అంటాను. పావుగంటలో అయిపోతుంది. ఈ మాటలు ఎవరైనా చెప్తారు. నేను మాత్రమే చెప్పగలిగింది ఒకటుంది. అది ఫోన్లో నోరు దాటి రాదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏయే ఊళ్ళు తిరిగాను అన్నది ఇందులో ఉండదు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి కొన్నే. వాటిలో మొదటిది, నేను ఇప్పటికీ తిరిగి వెళ్ళాలనుకునేది, ఉద్యోగం రాకముందు ఆర్మూర్‌లో గడిపిన నలభై రోజులు.

ఈ పని ఏమిటి

మా నాన్నకు చివరిదాకా నా ఉద్యోగం అర్థం కాలేదు. “ఎవనిదో కంపెనీ ఆగమైతే నువ్వు పోయి ఏం చేస్తవ్ రా?” అని అడిగేవాడు. ఆయన అడిగిన దాంట్లోనే ఉద్యోగం మొత్తం ఉంది. ఒక కంపెనీలో ఏదో సరిగా నడవదు. ఎందుకు నడవడం లేదో లోపలివాళ్ళకు కనబడదు, లేదా కనబడినా చెప్పే ధైర్యం ఉండదు. బయటినుంచి మమ్మల్ని పిలుస్తారు. మేము పోయి చూసి, అడిగి, కారణం ఇది, ఇట్లా చేయండి అని రాసిస్తాం.

ఇంటర్వ్యూలో కూడా అదే పరీక్ష. ఒక కంపెనీ కష్టాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి, “మీరైతే ఏం చేస్తారు?” అంటారు. దాన్ని కేసు అంటారు. పాఠ్యపుస్తకం అక్కడ పనికిరాదు. మనిషి ఎట్లా ఆలోచిస్తాడో చూస్తారు. ఇప్పుడు వీటికి కోచింగులు ఉన్నాయి. ఎనభైల్లో మాకు అట్లాంటివి ఉన్నాయని కూడా తెలియదు.

గుట్ట మీద

ఖలీల్, నేను డిగ్రీ నుంచి కలిసి చదువుకున్నాం. తర్వాత హైదరాబాద్‌లో ఎంబీఏ కూడా ఒకే క్లాసు. మాది నందిపేట్ వైపు పల్లె, పసుపు, మక్కజొన్న వేసే ఇల్లు. వాళ్ళది ఆర్మూర్. వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర దర్జీ. చదువు అయిపోతుండగా బొంబాయి కంపెనీ ఒకటి మా ఇద్దరికీ ఇంటర్వ్యూ లెటర్లు పంపింది. హైదరాబాద్‌లో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. నడుమ నలభై రోజుల సమయం.

నేను పల్లె వదిలి ఆర్మూర్‌లో ఖలీల్ వాళ్ళింటి వెనక గదిలో దిగాను. పొద్దున్నే టీ తాగి ఇద్దరం గుట్ట ఎక్కేవాళ్ళం. ఆర్మూర్ చుట్టూ ఉన్న నల్లరాళ్ళ గుట్ట అది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండల నడుమ ఎండ పడని చోటు ఒకటి చూసుకున్నాం. అక్కడ కూర్చుని ఒకరు కంపెనీవాడు, ఒకరు అభ్యర్థి. సాయంత్రం పాత్రలు మార్చుకుని మళ్ళీ ఆడేవాళ్ళం.

మా దగ్గర బొంబాయి కంపెనీల కేసులు లేవు. అందుకని కింద కనిపించేవే కేసులు. ఆర్మూర్‌లో రోజుకు ఎన్ని చాయలు తాగుతారు? నిజామాబాద్ బస్సు నిండా జనం ఉంటే నందిపేట్ బస్సు సగం ఖాళీగా ఎందుకు పోతుంది? మార్కెట్‌కు పసుపు వచ్చే నెలల్లో ఊళ్ళో ఏయే దుకాణాలు పెరుగుతాయి? ఖలీల్ ఇంగ్లీషులో నాకంటే తక్కువ. మధ్యలో ఆగిపోయి, “అరె యార్, దీన్ని ఇంగ్లీషుల ఏమంటరు?” అని నన్నే అడిగేవాడు. నేను మాటలు అందించేవాణ్ణి. ఆలోచన మాత్రం ఎప్పుడూ అతనిదే ముందు వచ్చేది. నాకు అది అప్పుడే తెలుసు.

కింద ఊరంతా పసుపు ఉడికిన వాసన. కళ్ళాల్లో ఎండబోసిన కొమ్ములు పైనుంచి పచ్చటి దుప్పట్లు పరిచినట్టు కనిపించేవి. ఆకలేస్తే ఖలీల్ వాళ్ళమ్మ కట్టిచ్చిన రొట్టెలు తినేవాళ్ళం. ఉద్యోగం వస్తే ఏం కొనాలి, బొంబాయిలో ఒకే గదిలో ఉంటే వంట ఎవరిది, ఇట్లాంటివి కూడా అక్కడే తేలిపోయేవి. వంట నాది, బట్టలు ఉతకడం అతనిది అని ఒప్పందం. ఇద్దరికీ వస్తుందనే అనుకున్నాం. ఒకరికే రావచ్చన్న మాట ఆ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా మా నోట రాలేదు.

ఖలీల్ పోయి ఇప్పటికి ఆరేళ్ళు. గుట్టమీదికి రోడ్డు వేశారట. నేను చూడలేదు.

రెండు డ్రమ్ములు

ఎండిన పసుపు కొమ్ముల్ని పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు పోయి నునుపు తేలుతుంది. అప్పుడే మార్కెట్లో దానికి మంచి ధర. ఆ రోజుల్లో ఊరి చివర అట్లాంటివి రెండు ఉండేవి. ఒకటి పోశన్న అనే ఆయనది, చేతితో తిప్పే పాత డ్రమ్ము. రెండోది కొత్తగా నాలుగు గోడల నడుమ పెట్టిన కరెంటు డ్రమ్ము. అది త్వరగా తిప్పుతుంది, కూలి కూడా తక్కువ. అయినా పోశన్న దగ్గర బండ్లు వరసగా నిలబడి ఉంటే, కరెంటు డ్రమ్ము దగ్గర ఒకటో రెండో.

“ఇయ్యాల్టి కేసు గిదే,” అన్నాడు ఖలీల్.

నేను నోటుబుక్కు తీసి గీతలు కొట్టాను. ధర, దూరం, సమయం, నాణ్యత. ఒక్కొక్క దాని కింద రాసుకుంటూ పోయాను. ఎటు చూసినా కరెంటు డ్రమ్మే గెలుస్తోంది.

ఖలీల్ నవ్వాడు. “ఏం గంగాధర్, గిట్ల గీతలు కొట్టుకుంట కూసుంటే జవాబు పెన్నులకెల్లి వస్తదా?”

“మరేం చేద్దామంటవ్?”

“పోయి అడుగుదాం. గాళ్ళకే ఎరుక గదా.”

“ఎంబీఏ చదివి పోయి డ్రమ్ముకాడ కూసుంటవా?”

“కూసుంట. గండ్ల సిగ్గుశరమేంది?”

నేను పోలేదు. ఇంగ్లీషు పేపరు చదవాలని చెప్పి గదిలో ఉండిపోయాను. ఖలీల్ రెండు రోజులు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పోశన్న డ్రమ్ము దగ్గర కూర్చున్నాడు. రెండో రోజు మనుషులు తక్కువైతే తనే ఒక చేయి వేసి తిప్పాడట. ఒళ్ళంతా పసుపు దుమ్ముతో ఇంటికొస్తే వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపి నీళ్ళు పోసింది.

తల తుడుచుకుంటూనే చెప్పాడు. దొంకేశ్వర్ నుంచి వచ్చిన ఒక పెద్దామెను అడిగితే ఆమె అన్నదట: “కరెంటు డ్రమ్మోడు మాల్ ఇడిసిపెట్టి రేపు రా అంటడు బిడ్డా. తొమ్మిది నెలలు సాకిన పసుపు. ఎవని దాంట్ల ఎవని కొమ్ములు కలుపుతడో ఎవనికెరుక? గీడనైతే నా కండ్లముందట్నే తిరుగుతది.”

“సమజైందా?” అన్నాడు ఖలీల్. “రేటు గాదు, స్పీడు గాదు. కండ్లముందట ఉండాలె, గంతే. గా కరెంటు డ్రమ్మోడు ముందటి గోడ తీసేసి, ఇంత నీడ చేసి బెంచీ ఏస్తే సాలు. బండ్లన్నీ గటే పోతయ్.”

నా నోటుబుక్కు మూసేశాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో చాలామంది తెలివైనవాళ్ళతో పనిచేశాను. అంత తేటగా ఆలోచించిన మనిషి నాకు మళ్ళీ తగల్లేదు.

హోటల్లో

ఖలీల్ వాళ్ళ నాన్న ఒకే తానులోంచి ఇద్దరికీ ప్యాంట్లు కుట్టిచ్చాడు. పైసలు ఇవ్వబోతే కోప్పడ్డాడు. పొద్దున మొదటి బస్సుకు హైదరాబాద్ చేరాం. నన్ను పదకొండు గంటలకు పిలిచారు. ఖలీల్‌ది మధ్యాహ్నం భోజనాల తర్వాత.

లోపల ముగ్గురు. కులకర్ణి అనే పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్, మరొక కుర్రాయన. కేసు ఇది: ఒక జిల్లాలో పెద్ద కొత్త రైస్ మిల్లు పెట్టారు. పని త్వరగా అవుతుంది, మర పట్టే కూలి తక్కువ. అయినా రైతులు పాత చిన్న మిల్లులకే పోతున్నారు. ఎందుకు?

ఇది మా కేసే. మా ఊళ్ళో ఇట్లా రెండు పసుపు డ్రమ్ములున్నాయని మొదలుపెట్టి, రైతు తన పంట కళ్ళముందు ఉండాలనుకుంటాడని, కొత్త మిల్లువాళ్ళు గోడ తీసేసి, రైతు నిలబడి చూసుకునే చోటు ఇస్తే చాలునని చెప్పాను.

“ఇది మీ ఊహా?” అన్నారు మేడమ్. “లేక మీరే వెళ్ళి కూర్చుని తెలుసుకున్నారా?”

ఆ క్షణంలో ఖలీల్ గుర్తు రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. గుర్తొచ్చాడు. కింద సోఫాలో కూర్చుని ఉన్నాడని కూడా గుర్తొచ్చింది. నా స్నేహితుడు వెళ్ళి కూర్చున్నాడు మేడమ్ అని చెప్పడానికి ఎంతసేపు? కానీ ఆమె మొహంలో కనిపిస్తున్న మెప్పు ఎక్కడ తగ్గిపోతుందోనని భయం.

“నేనే కూర్చున్నాను మేడమ్, రెండు రోజులు,” అన్నాను.

ఖలీల్ మధ్యాహ్నం లోపలికి పోయి పావుగంటలోనే బయటికి వచ్చాడు. “ఎట్లయింది?” అన్నాను. “ఏమో, సూడాలె,” అన్నాడు. నీకేం కేసు ఇచ్చారని నేను అడగలేదు. అతనూ నన్ను అడగలేదు. తిరుగు ప్రయాణంలో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

రెండు వారాలకు లెటరు నాకు ఒక్కడికే వచ్చింది. బొంబాయి పోయే రోజు బస్టాండుకు వచ్చి నా పెట్టె పైకి అందించాడు. “ఆడికి పోయినంక మమ్మల్ని యాది మర్వకు,” అన్నాడు, అందరూ అనే మాటలాగే.

కులకర్ణి గారు

నా మొదటి బాస్ ఆ ఇంటర్వ్యూలోని కులకర్ణి గారే. గట్టి మనిషి. రిపోర్టులో ఒక పేరాకు అర్థం లేదనిపిస్తే కాగితం చింపి చేతిలో పెట్టేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. మూడేళ్ళు గడిచాక, ఒక పని మీద ఇద్దరం షోలాపూర్ రైల్లో పోతుంటే ఆయనే ఆ మాట తీశారు. ఇంగ్లీషులో అన్నది తెలుగులో రాస్తున్నాను.

“మీ ఇంటర్వ్యూ నాకింకా గుర్తుంది గంగాధర్. ఆ మధ్యాహ్నం మీ ఊరివాడే ఇంకో అబ్బాయి వచ్చాడు. ప్యాంటు బట్ట కూడా మీ ఇద్దరిదీ ఒకటే. అదే జవాబు, అవే డ్రమ్ములు, రెండు రోజులు తనే కూర్చున్నానన్నాడు. ఇది పొద్దున ఒకరు చెప్పేశారే అంటే కాసేపు మాట్లాడలేదు.”

“తర్వాత ఏమన్నాడు సార్?”

“‘మేమిద్దరం కలిసి చదువుకున్నం సార్’ అన్నాడు. అంతే. తెలివైనవాడిలాగే ఉన్నాడు పాపం. కానీ పక్కవాడి పనిని తనదని చెప్పుకునేవాణ్ణి ఈ ఉద్యోగంలోకి ఎట్లా తీసుకుంటాం?”

కిటికీ బయట చెరుకు తోటలు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు, ఆ మనిషి దృష్టిలో పడిపోతానన్న భయం. షోలాపూర్ రాగానే ఆయన పెట్టె కూడా నేనే మోశాను.

ఆ ఏడాది పండక్కి ఖలీల్‌కు కార్డు రాయబోయి రాయలేకపోయాను. అప్పటికే అతని ఉత్తరాలు తగ్గిపోయాయి. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాడని ఊరివాళ్ళ ద్వారా తెలిసింది. బొంబాయిలో నా గదిలో నేను ఒక్కణ్ణే వండుకునేవాణ్ణి. సెలవు రోజు బట్టలు ఉతుకుతుంటే, ఈ పని నాది కాదు కదా అని అనిపించేది.

బిస్కట్ల ఫ్యాక్టరీ

తొంభైల మొదట్లో పూణే దగ్గర ఒక బిస్కట్ల ఫ్యాక్టరీకి పంపారు. రెండో లైనులో బిస్కట్లు ఎక్కువగా విరుగుతున్నాయి. మూడు వారాలు పొయ్యి వేడి కొలిచాను, పిండి తూచాను, చార్టులు గీశాను. ఏమీ తేలలేదు. ఒకరోజు ప్యాకింగ్‌లో పనిచేసే శాంతాబాయి అనే ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె హిందీలో మామూలుగా అన్నది: “ఈ కొత్త ట్రేలు లోతెక్కువ సాబ్. మా చేతులు అడుగుకు అందవు. బోర్లించాల్సి వస్తుంది. బోర్లిస్తే విరగవా?”

అంతే కారణం. రిపోర్టులో నేను రాసింది: “మా పరిశీలనలో తేలినదేమనగా.” ఆ సంగతి చెప్పే రోజు మేనేజరు ప్యాకింగ్ ఆడవాళ్ళను కూడా పిలిపించాడు. నేను చెప్పడం అయ్యాక వాళ్ళవైపు తిరిగి కేకలేశాడు. “రోజూ ఆ ట్రేలు పట్టుకునేది మీరే కదా? ఒక్కరికైనా నోరు లేదా? ఇంత చిన్న సంగతి చెప్పడానికి బొంబాయి నుంచి మనిషి రావాలా?”

శాంతాబాయి నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను ఇప్పుడు చెప్తానని ఎదురుచూస్తోంది. నేను ఫైలు సర్దుకుంటున్నాను. కాసేపటికి తల దించుకుంది, ఏమీ మాట్లాడలేదు.

ఆ మౌనం ఎట్లా ఉంటుందో అప్పుడు కళ్ళారా చూశాను. హోటల్ గదిలో ఖలీల్ మౌనాన్ని నేను చూడలేదు. ఇన్నేళ్ళూ చూడకపోవడం వల్లే బతకగలిగాను.

మర్నాడు కులకర్ణి గారి గదికి వెళ్ళి తలుపు వేసి రెండూ చెప్పాను. శాంతాబాయి సంగతి, ఖలీల్ సంగతి. ఆయన చాలాసేపు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించారు.

“రిపోర్టు వెనక్కి తెప్పించు. ఆమె పేరు పెట్టి మళ్ళీ పంపు. నువ్వే వెళ్ళి ఆ మేనేజరు ముందు చెప్పు.” తర్వాత గొంతు తగ్గించి, “ఆ అబ్బాయి ఫారం మీద నమ్మదగినవాడు కాదని రాసింది నేనే. నా చేత్తో,” అన్నారు.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. ఆ రోజు తర్వాత ఆయన నా పెట్టె పక్కన తన పెట్టె పెట్టడానికి కూడా కొన్నేళ్ళు పట్టింది. ఖలీల్‌కు ఒక ఉత్తరం రాసిచ్చి, “పోస్టులో వెయ్యకు. తీసుకెళ్ళి ఇవ్వు,” అన్నారు.

శాంతాబాయి పేరుతో రిపోర్టు మళ్ళీ పంపాం. అప్పటినుంచి నా రిపోర్టుల్లో కారణం చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళు వద్దంటే తప్ప, మొదటి పేజీలో ఉంటుంది. కొందరు క్లయింట్లకు నచ్చలేదు. మరి మీరేం చేశారని అడిగారు. అడిగాం, విన్నాం, రాశాం అనేవాణ్ణి. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. ఎక్కడికి పోయినా జవాబు తెలిసినవాళ్ళు మీకంటే ముందే అక్కడ ఉంటారు. వాళ్ళ పేరు మింగకండి.

ఖలీల్ ఇంటి ముందు

నేను వెళ్ళేసరికి స్కూలు వదిలి ఇంటికొచ్చి, బయట మంచం మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. లోపల వాళ్ళ నాన్న. చూపు పూర్తిగా పోయిందట, కుట్టు మానేశాడు. నా గొంతు విని, “గంగాధరేనా బేటా?” అన్నాడు.

ఖలీల్ చాయ తెప్పించాడు. నేను తాగకుండానే మొత్తం చెప్పాను. అతను ఎర్రపెన్ను మూత పెట్టి విన్నాడు.

“నాకు గాడనే తెల్సింది,” అన్నాడు. “పొద్దుగాల ఒకలు గిదే చెప్పిండ్రు అనంగనే తెల్సింది.”

“మరి నీదే అని ఎందుకు చెప్పలే?”

“చెప్తే గాళ్ళు నిన్ను ఇంటికి పంపుతుండె. ఇద్దరం చెప్తుంటే ఎవన్ని నమ్ముతరు? ఇద్దర్నీ పంపుతుండె.” పెన్ను పక్కన పెట్టి, “కోపం రాలే అనుకోకు. మస్తొచ్చింది. రెండేండ్లు నీ పేరు తియ్యలే ఇంట్ల. అమ్మ అడిగినా చెప్పలే,” అన్నాడు.

ఉత్తరం ఇచ్చాను. మెల్లగా చదివాడు. మీ విషయంలో పొరపాటు మాది, ఇప్పటికీ రావాలనుకుంటే రండి అని ఉంది అందులో. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“గిప్పుడు నేను రాను, గంగాధర్. అబ్బాజాన్‌ను ఇడిసి ఏడికి పోత? స్కూల్ల పోరలు గూడ అలవాటైండ్రు. గప్పుడైతే వస్తుంటి. ఉరుక్కుంట వస్తుంటి.”

నేను తల వంచుకుని కూర్చున్నాను. మాఫీ అడగాలని తెచ్చుకున్న మాటలన్నీ చిన్నవైపోయాయి. వీధిలో పసుపు బస్తాల ట్రాక్టరు ఒకటి పోయింది.

“ఒక్కటి అడుగుత, చెప్తవా?” అన్నాడు ఖలీల్.

“అడుగు.”

“గా జవాబు ఇన్నప్పుడు గాళ్ళు ఎట్ల చేసిండ్రు? నేను చెప్పేటాళ్ళకు గాళ్ళకు ముందే ఎరుకుండె. మొకాలు గిట్ల పెట్టుకుని కూసున్నరు. ఫస్ట్ ఇన్నప్పుడు ఎట్లుండెనో నేను సూడలే.”

అప్పుడు చెప్పాను. ఏదీ దాచకుండా, ఏదీ కలపకుండా. రైస్ మిల్లు అనగానే కుర్రాయన గడియారం చూసుకుంటున్నాడని. కండ్లముందట ఉండాలె అన్న మాట దగ్గర కులకర్ణి గారు రాస్తున్న పెన్ను ఆపేశారని. మేడమ్ కళ్ళజోడు తీసి, కుర్చీ ముందుకు జరుపుకున్నారని. గోడ తీసేస్తే చాలు అన్నప్పుడు ఆ కుర్రాయన పెద్దగా నవ్వి, “నాలుగు ఊళ్ళలో అభ్యర్థులను ఈ కేసే అడిగాం, ఒక్కరూ గోడ తియ్యలేదు” అన్నాడని.

ఖలీల్ కళ్ళు మూసుకుని విన్నాడు.

“గోడ కాడ నవ్విండా?”

“నవ్విండు. బల్ల మీద చెయ్యి గొట్టి నవ్విండు.”

“మేడమ్ ఏమన్నది?”

“‘వెరీ గుడ్’ అన్నది. రెండుసార్లు.”

అతని పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. గుట్ట మీద కేసు తేలినప్పుడు వచ్చే నవ్వే. ఒళ్ళోని పేపర్లు పక్కన పెట్టి, కాళ్ళు మంచం మీదికి తీసుకుని సరిగ్గా కూర్చున్నాడు.

“మొదటికెల్లి చెప్పు,” అన్నాడు. “జర మెల్లగ.”

మళ్ళీ మొదటినుంచి చెప్పాను.